ఇంటి పనిశాలకు ప్లాస్మా కట్టరు

మన గ్రామములలో కొలిమి ప్రక్కనే వెల్డింగు షాపు వెలసి చాల కాలమైనది. కఱ్ఱులు సాగగొట్టిన చేతులే నేడు గేట్లు, ట్రాక్టరు ట్రాలీలు తయారు చేయుచున్నవి. ఇట్టి పనివారిలో కొందరు ప్లాస్మా కట్టరు అను కోత యంత్రమును అప్పుచేసి కొనదలచుట సహజము. 2023 సెప్టెంబరు 17న ప్రారంభమైన పి.ఎం. విశ్వకర్మ పథకములో గ్రామములందలి కమ్మరుల దరఖాస్తులను మొదట పరిశీలించునది పంచాయతీయే. తొలి విడత ఋణము 1 లక్ష రూపాయల వరకు లభించును. పంచాయతీ పరిశీలన అర్హతకు సంబంధించినదే యైనను, ఆ సందర్భమున సభ్యులు చెప్పు మంచిమాట ఒక కుటుంబమును నష్టమునుండి కాపాడగలదు. యంత్రము మూలబడినను వాయిదాలు ఆగవు గదా!

ఈ యంత్రములో సన్నని నాజిల్ గుండ పోవు గాలి విద్యుత్ ఆర్కుచే సుమారు 20,000 డిగ్రీల సెంటిగ్రేడు వరకు వేడెక్కి ప్లాస్మాగా మారును. అది లోహమును కరగించి నెట్టివేయును. గ్యాసు కట్టింగునకు లొంగని స్టెయిన్‌లెస్ స్టీలు, అల్యూమినియము సైతము దీనితో తెగును.

ఎంపికలో ముందుగ చూడవలసినది పని. కోణపు కడ్డీలు, గొట్టములు మాత్రమే కోయువానికి గ్రైండరే చాలును. నిత్యము రేకులు కోయువానికే ప్లాస్మా లాభకరము. 10 మిల్లీమీటర్ల లోపు ఉక్కునకు 40 ఆంపియర్ల యంత్రము సాధారణముగ సరిపోవును. ప్రకటనలలో ఎట్లో తెగిపోవు గరిష్ఠ మందము వేరు, అంచు శుభ్రముగ తెగు మందము వేరు. రెండవదానినే నమ్మవలెను.

రెండవది విద్యుత్తు. ఇట్టి యంత్రము 230 వోల్టుల సింగిల్ ఫేజ్‌పై 5, 6 కిలోవాట్లు లాగుకొనును. కంప్రెసరు మోటారు దీనికి అదనము. ఇంటి మీటరుకు మంజూరైన లోడు 1, 2 కిలోవాట్లే యైనచో యంత్రము సరిగా కోయదు. ఇరుగుపొరుగు ఇండ్లలో దీపములును మసకబారును. కనుక కొనుటకు ముందే విద్యుత్ పంపిణీ సంస్థవద్ద లోడు పెంచుకొనవలెను.

మూడవది గాలి. సుమారు 5 బార్ల ఒత్తిడిలో నిమిషమునకు 120 నుండి 180 లీటర్ల గాలి కావలెను. పంక్చరు షాపులలోని చిన్న కంప్రెసరు దీనికి చాలదు. గాలిలో తేమ యున్నచో నాజిల్, ఎలక్ట్రోడు త్వరగా పాడగును. కనుక నీటిని వేరుచేయు ఫిల్టరు తప్పనిసరి. యంత్రము ధరతోపాటు వీటి ఖర్చును లెక్కించి, విడిభాగములు సమీప పట్టణమున దొరకునో లేదో విచారించుట వివేకము.

60 శాతము డ్యూటీ సైకిల్ అనగా 10 నిమిషములలో 6 నిమిషములు కోసి, 4 నిమిషములు విశ్రాంతి నీయవలెనని అర్థము. ఆ అంకె ఎంత ఉష్ణోగ్రతకు చెప్పినదో అడుగవలెను. మన వేసవి తీవ్రత తెలిసినదే.

టార్చి వద్ద 200 వోల్టులకు పైబడిన విద్యుత్తుండును. పొడి చేతొడుగులు, నల్లద్దములు లేక పని చేయరాదు. జింకు పూత రేకుల పొగ పీల్చరాదు. డీజిలు, పురుగుమందు నిలువయుంచిన డ్రమ్ములను కోయుట ప్రాణాపాయకరము.

పని, విద్యుత్తు, గాలి, విడిభాగములు అను నాలుగింటిని విచారించిన పిమ్మటనే ఋణమునకు పూనుకొనుమని సభ్యులు తమ గ్రామములలోని పనివారికి తెలియజెప్పుదురని ఆశించుచున్నాము.