ఫిడేలు కూడా బదిలీ మీద వచ్చిందే

"మీది ఏ ఊరు?" అని ఎవరైనా అడిగితే మనలో చాలామందికి వెంటనే జవాబు తోచదు. పుట్టింది ఒకచోట, అక్షరాలు దిద్దుకున్నది ఇంకోచోట, ఇప్పుడు చదువుతున్నది టాటానగర్‌లో. నాన్నగారి బదిలీ ఉత్తర్వు రాగానే అమ్మ అటక మీద నుంచి అట్టపెట్టెలు దించుతుంది. మనం బడికి వెళ్లి టీసీ తెచ్చుకుంటాం.

రెండేళ్ల కిందట విశాఖపట్నం నుంచి ఇక్కడికి వచ్చినప్పుడు నాతోపాటు నా ఫిడేలు పెట్టె కూడా వచ్చింది. కానీ మూడు నెలలు నేను దాన్ని తెరవలేదు. ఒకసారి తెరిచి కమాను వేయగానే మా మాస్టారి ఇల్లు, వాళ్ల వాకిట్లో సన్నజాజి పందిరి, పక్కన కూర్చుని వాయించే స్నేహితులు గుర్తుకొచ్చారు. గొంతు పట్టేసింది. ఇక సంగీతం మానేద్దామనే అనుకున్నాను.

ఈ బెంగ కొత్తదేమీ కాదని తర్వాత తెలిసింది. 1688లో యోహానెస్ హోఫర్ అనే స్విట్జర్లాండ్ వైద్య విద్యార్థి దీన్ని ఒక జబ్బుగా భావించి పేరు పెట్టాడు. ఆ పేరే నోస్టాల్జియా. గ్రీకు భాషలో నోస్టోస్ అంటే ఇంటికి తిరిగిరావడం, ఆల్గోస్ అంటే నొప్పి. ఆ కాలంలో స్విస్ యువకులు జీతానికి పరదేశాల సైన్యాల్లో పనిచేసేవారు. తమ కొండల్లో పశువులను పిలిచే పాట వినపడితే వాళ్లు ఏడ్చేవారట. అందుకే సైనికుల మధ్య ఆ పాట వాయించడాన్ని నిషేధించారని రూసో తన సంగీత నిఘంటువులో రాశాడు. ఆ పాటలో ప్రత్యేకమైన మహిమేమీ లేదని, అది లేపే జ్ఞాపకాలే వాళ్లను కదిలిస్తాయని కూడా ఆయన అన్నాడు.

అంటే నన్ను బాధపెట్టింది నా ఫిడేలు కాదు, దానికి అంటుకున్న జ్ఞాపకాలు. మరి వాటితో ఏం చేయాలి? దీనికి జవాబు ఫిడేలు చరిత్రలోనే ఉంది.

ఫిడేలు మన దేశపు వాద్యం కాదు. అది ఐరోపా నుంచి వచ్చింది. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు (1786–1858) మద్రాసులో ఒక ఐరోపా వాద్యకారుడి దగ్గర దాన్ని నేర్చుకుని మన సంగీతానికి అమర్చారు. అక్కడివాళ్లు దాన్ని గడ్డం కింద పెట్టుకుని వాయిస్తారు. మనం నేల మీద బాసింపట్టు వేసుకుని, దాని తల కుడి పాదం మీద ఆనించి వాయిస్తాం. అందువల్ల ఎడమచెయ్యి బరువు మోయనక్కర లేకుండా తీగ మీద సులువుగా జారుతుంది, గమకాలు పలుకుతాయి. తీగల శ్రుతి కూడా మారింది. మనం నాలుగు తీగలనూ స, ప, స, ప అని శ్రుతి చేస్తాం. కర్ర అదే, తీగలూ నాలుగే. కూర్చునే తీరు, శ్రుతి మారేసరికి పరాయి వాద్యం మనదైపోయింది. ఆలోచిస్తే, ఫిడేలు కూడా మనలాగే బదిలీ మీద వచ్చింది!

ఇక ఏకాగ్రత సంగతి. వీణకు మెట్లుంటాయి, ఫిడేలుకు ఉండవు. వేలు ఎక్కడ పెట్టాలో చెప్పే గుర్తు ఏదీ కనపడదు. వేలు కాస్త జరిగితే చాలు, స్వరం తప్పుతుంది. దారి చూపవలసింది చెవే. దీనికి ద్వారం వెంకటస్వామి నాయుడు గారి కంటే గొప్ప ఉదాహరణ ఎవరున్నారు? ఆయన 1893లో బెంగళూరులో పుట్టి, విశాఖపట్నంలో పెరిగారు. చిన్నప్పటినుంచి చూపు సరిగా లేక బడి చదువు సాగలేదు. అన్నగారి దగ్గర ఫిడేలు మొదలుపెట్టారు. విజయనగరంలో 1919లో మహారాజా వారి సంగీత కళాశాల వెలిసింది. దానికి ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి అధ్యక్షులు. విద్యార్థిగా చేరదామని అక్కడికి వెళ్లిన నాయుడు గారిని అధ్యాపకుడిగా తీసుకున్నారని చెబుతారు. 1936లో ఆయనే ఆ కళాశాలకు అధ్యక్షులయ్యారు. పాటకు పక్కవాద్యంగా ఉండే ఫిడేలుతో ఒంటరిగా కచేరీలు చేసి మెప్పించారు. కంటికి అందనిదాన్ని ఆయన చెవితో సాధించారు.

నేను కూడా ఒక నియమం పెట్టుకున్నాను. రోజూ పది నిమిషాలు ఫోను వేరే గదిలో పెట్టి, ఒక్క షడ్జమాన్నే కమాను ఈ చివరి నుంచి ఆ చివరిదాకా లాగుతూ వినడం. మొదట్లో రెండో నిమిషానికే మనసు విశాఖ సముద్రం ఒడ్డుకు వెళ్లిపోయేది. దాన్ని తిట్టకుండా మళ్లీ స్వరం దగ్గరికి తెచ్చుకునేవాణ్ణి. ఏకాగ్రత అంటే మనసు కదలకపోవడం కాదు, కదిలిన ప్రతిసారీ వెనక్కి తెచ్చుకోవడం.

ఒకరోజు భోజన విరామంలో మన బడి సంగీతం గదిలోంచి హార్మోనియం వినిపించింది. స రి గ ప ద. "ఇది మోహన రాగం కదా!" అన్నాను. వాయిస్తున్న అక్క నవ్వి, "కాదు, భూపాలీ" అంది. రెండింట్లోనూ స్వరాలు అవే అయిదు. (కర్ణాటక సంగీతంలోని భూపాళం మాత్రం వేరే రాగం.) స్వరాలు ఒకటే అయినా నడక వేరు. ఒకే మాటను రెండు ఊళ్లవాళ్లు రెండు యాసల్లో పలికినట్టు, గమకం తేడాగా ఉంటుంది. మర్నాడు ఫిడేలు బడికి తెచ్చాను. ఆమె ఒక వరుస వాయిస్తే నేను నా పద్ధతిలో జవాబు వాయించాను. బెల్లు కొట్టింది కూడా మాకు వినపడలేదు.

కల్పనస్వరాలంటే ఇదే. రాగం నియమం ఇస్తుంది, తాళం గడువు ఇస్తుంది. ఆ కొద్ది చోటులోనే కొత్తది పుడుతుంది. అయిదు స్వరాలే ఉన్నాయని మోహన పాడేవారు ఎన్నడూ ఆగిపోలేదు. కొత్త ఊళ్లో మనకు దొరికేది కూడా కొద్దిపాటి చోటే. పాటకు అది సరిపోతుంది.

మన స్టేషను సంగతి చూడండి. ఒకప్పుడు దాని పేరు కాలీమాటి. 1919లో సాక్చీకి జంషెడ్‌పూర్ అని పేరు పెట్టినప్పుడు కాలీమాటి టాటానగర్ అయింది. విజయనగరంలో సంగీత కళాశాల మొదలైన సంవత్సరమూ అదే. పేరు మారినా పట్టాలు మారలేదు. మోహన, భూపాలీ కూడా నాకు అలాగే అనిపిస్తాయి.

మిత్రులారా! మీ పెట్టెలో ఫిడేలే ఉండనక్కర లేదు. బొమ్మలు గీసే పుస్తకం, చదరంగం బల్ల, అమ్మమ్మ నేర్పిన పాట, ఏదైనా కావచ్చు. కొత్త ఊరు వచ్చాక దాన్ని మూసి ఉంచకండి. రోజూ కాసేపు తెరవండి. పక్కనున్నవాళ్ల దగ్గర అలాంటిదే ఇంకో పేరుతో ఉందేమో వెతకండి.

వచ్చే ఏడాది నాన్నగారికి మళ్లీ బదిలీ ఉండవచ్చు. ఎక్కడికో తెలియదు. ఈసారి నా పెట్టెలో మోహనతోపాటు భూపాలీ కూడా వస్తుంది. అక్కడ అది వాయిస్తే టాటానగర్ గుర్తుకొచ్చి నాకు మళ్లీ బెంగ పుడుతుంది. పుట్టనీ! అప్పుడు మాత్రం కమాను దించను.