నంద్యాల ఎండలో పాత కారు ఫ్యాక్టరీ ఏసీ: గ్యాస్ కొట్టిస్తే ఎందుకు సరిపోదు?

1967 కమారో, 1964 పాంటియాక్ జీటీఓ లాంటి అమెరికన్ మజిల్ కార్లకు ఫ్యాక్టరీ ఏసీని మళ్లీ బతికించే వీడియోలు యూట్యూబ్‌లో మీరు చూసే ఉంటారు. తుప్పు పట్టిన కంప్రెసర్ విప్పుతారు, కడుగుతారు, కొత్త పైపులు బిగిస్తారు. చివర్లో ఏసీ వెంట్‌లో థర్మామీటర్ పెడితే 4 డిగ్రీలు చూపిస్తుంది. కింద కామెంట్లలో అందరూ చప్పట్లు. బయట ఎండ ఎంతుందో మాత్రం చాలా వీడియోల్లో చెప్పరు. 27 డిగ్రీలున్న ఊళ్లో చేసిన పనినే మే నెలలో నంద్యాలలో చేస్తే అదే రీడింగ్ వస్తుందా? రాదు. ఎందుకు రాదో, మన ఎండకు ఏం మార్చాలో ఈ ఆర్టికల్‌లో చూద్దాం.

కమారోలు, జీటీఓలు మన రోడ్ల మీద దాదాపు కనిపించవు. మన దగ్గర "ఇండియన్ మజిల్ కార్" అని పిలిపించుకున్నది కంటెస్సా. హిందుస్థాన్ మోటార్స్ 1984లో తెచ్చి 2002 వరకు తయారు చేసింది. దాని బాడీ బ్రిటన్‌లోని వాక్స్‌హాల్ కారు నుంచి వచ్చింది. ఆ వాక్స్‌హాల్ అప్పట్లో అమెరికా జనరల్ మోటార్స్ చేతిలోనే ఉండేది, కాబట్టి కమారోకి, కంటెస్సాకి దూరపు చుట్టరికం ఉందనుకోవచ్చు. మీ ఇంట్లో పెదనాన్న దాచిపెట్టిన కంటెస్సా ఉన్నా, 90ల నాటి మారుతి 800 ఏసీ మోడల్ ఉన్నా ఏసీ కథ ఒకటే. ఒక్క విషయం ముందే తేల్చుకోండి: మీ కారు ఏసీ కంపెనీ నుంచి వచ్చిందా, తర్వాత బయట బిగించిందా? డ్యాష్‌బోర్డు కింద విడిగా పెట్టెలా వేలాడుతుంటే అది బయట బిగించింది అయ్యే అవకాశమే ఎక్కువ. అసలు వెంట్లలోంచే గాలి వస్తే ఫ్యాక్టరీ సెటప్ కావచ్చు.

మీ ఫోన్‌లోనూ ఇదే సైన్స్

గేమింగ్ ఫోన్లలో "వేపర్ చాంబర్" అని గొప్పగా రాస్తారు కదా. ప్రాసెసర్ వేడికి లోపలి ద్రవం ఆవిరై, చల్లగా ఉన్న వైపు వెళ్లి మళ్లీ ద్రవమవుతుంది. వేడి అలా చోటు మారుతుంది. కారు ఏసీ కూడా ఇంతే, కాకపోతే మధ్యలో ఒక కంప్రెసర్ ఉంటుంది. డ్యాష్‌బోర్డు వెనకున్న ఎవాపరేటర్, అంటే మన మెకానిక్‌లు కూలింగ్ కాయిల్ అనేది, అందులో గ్యాస్ మరిగి క్యాబిన్ వేడిని లాక్కుంటుంది. కంప్రెసర్ దాన్ని నొక్కి వేడెక్కిస్తుంది. రేడియేటర్ ముందున్న కండెన్సర్ ఆ వేడిని బయటికి వదిలేస్తుంది.

ఆ చివరి మాటలోనే మొత్తం ఉంది. వేడిని "బయటికి" వదలాలంటే కండెన్సర్ బయటి గాలి కంటే బాగా వేడిగా ఉండాలి. బయట 27 డిగ్రీలుంటే పని తేలిక. 44 ఉంటే కష్టం. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఇంజిన్ వేడి గాలి తిరిగి కారు ముందుకే వస్తుంది, అప్పుడు కండెన్సర్‌కు తగిలే గాలి 44 కంటే ఇంకా ఎక్కువే. ఎండలో పెట్టిన ఫోన్ బ్రైట్‌నెస్ తగ్గించేసుకున్నట్టే పాత కారు ఏసీ కూడా చేతులెత్తేస్తుంది.

గ్యాస్ కథ

1990ల మధ్య వరకు వచ్చిన చాలా కార్లలో ఉన్నది ఆర్-12. జనరల్ మోటార్స్ కోసం పనిచేసిన థామస్ మిడ్‌గ్లీ బృందం 1928లో దీన్ని ముందుకు తెచ్చింది. (పెట్రోల్‌లో సీసం కలిపించిన పుణ్యం కూడా ఈయనదే.) అది ఓజోన్ పొరను తింటోందని తేలాక 1987లో మాంట్రియల్ ఒప్పందం వచ్చింది, 1992లో ఇండియా చేరింది. మన దేశంలో దీని తయారీ 2008లో ఆగిపోయింది. దాని స్థానంలో వచ్చింది ఆర్-134ఏ.

ఇక్కడే ఒక అపోహ బాగా పాతుకుపోయింది. "పాత గ్యాసే స్ట్రాంగ్ అన్నా, కొత్తది వీక్" అని ఏ షెడ్‌కి వెళ్లినా వినిపిస్తుంది. లెక్క చూస్తే అలా లేదు. సున్నా డిగ్రీల దగ్గర కిలో ఆర్-12 ఆవిరైతే సుమారు 150 కిలోజౌళ్ల వేడిని తీసుకుంటుంది. అదే ఆర్-134ఏ అయితే దాదాపు 200. కిలోకి కిలో చూస్తే కొత్తదే ఎక్కువ మోస్తుంది. దీన్ని పాత గ్యాస్ బరువులో సుమారు 80 నుంచి 85 శాతమే నింపుతారు. "ఇంకాస్త కొట్టు" అని ఎక్కువ నింపిస్తే చల్లదనం పెరగదు, ప్రెషర్ పెరుగుతుంది.

అసలు తేడా వేడి వైపు కనిపిస్తుంది. కండెన్సర్ 60 డిగ్రీల దగ్గర ఉంటే ఆర్-12 ప్రెషర్ గేజ్ మీద సుమారు 205 పీఎస్ఐ, ఆర్-134ఏది సుమారు 230. 70 డిగ్రీలకు వెళ్తే మొదటిది 260 దగ్గర, రెండోది 290 దగ్గర. చల్లటి వైపు కథ తిరగబడుతుంది. సున్నా దగ్గర ఆర్-12 ప్రెషర్ 30 పీఎస్ఐ అయితే ఆర్-134ఏది 28. అంటే కొత్త గ్యాస్‌తో కంప్రెసర్ కింది నుంచి మరికాస్త లాగాలి, పైకి మరికాస్త నెట్టాలి. చల్లటి ఊళ్లో ఈ తేడా తెలియదు. నంద్యాలలో మధ్యాహ్నం రెండింటికి బాగా తెలుస్తుంది.

కాబట్టి ముందు డబ్బు పెట్టాల్సిన చోటు కండెన్సర్. పాత కార్లలో ట్యూబుకి రెక్కలు గుచ్చిన పాతరకం డిజైన్ ఉంటుంది. గ్యాస్ ఒకే పొడవాటి గొట్టంలో మెలికలు తిరుగుతూ పోతుంది. ఇప్పటి కార్లలో ఉండే "పారలల్ ఫ్లో" కండెన్సర్‌లో గ్యాస్ సన్నటి చదునైన దారులెన్నిటిలోనో ఒకేసారి పారుతుంది. అదే సైజులో ఎక్కువ వేడి వదులుతుంది. గ్రిల్ వెనక ఉంటుంది కాబట్టి బయటికి కనిపించదు, మీ కారు "ఒరిజినల్" లుక్ చెడదు. దానికి తోడు మంచి ఎలక్ట్రిక్ ఫ్యాన్, రేడియేటర్ చుట్టూ గాలి పక్కలనుంచి జారిపోకుండా కవరు, పాడైన రబ్బరు పట్టీలు. ఈ చివరివి చూడ్డానికి చిన్నవి. కానీ సిగ్నల్ దగ్గర వేడి గాలి వెనక్కి తిరిగి రాకుండా ఆపేవి అవే. నన్నడిగితే ఖరీదైన కంప్రెసర్ కంటే ముందు వీటిని కొనమంటాను.

ఆయిల్ మర్చిపోతే కంప్రెసర్ పోయినట్టే

ఆర్-12తో మినరల్ ఆయిల్ వాడేవాళ్లు. అది గ్యాస్‌తో పాటు సిస్టమ్ అంతా తిరిగి కంప్రెసర్‌కి చేరేది. ఆర్-134ఏలో ఆ ఆయిల్ కలవదు. ఎక్కడో మూలల్లో కూర్చుంటుంది, కంప్రెసర్ ఎండిపోతుంది, కొన్నాళ్లకు పట్టేస్తుంది. కేవలం గ్యాస్ మార్చిన కార్లు మొదటి వేసవి బాగా నడిచి రెండో వేసవిలో ఆగిపోవడానికి ఇదొక పెద్ద కారణం. కాబట్టి పాత ఆయిల్ అంతా తీసి, సిస్టమ్ ఫ్లష్ చేసి, ఈస్టర్ ఆయిల్ గానీ పీఏజీ ఆయిల్ గానీ పోయాలి. పాత ఆయిల్ కాస్త మిగిలినా ఈస్టర్ సర్దుకుంటుంది. పీఏజీ గాల్లో తేమను తొందరగా పీల్చేస్తుంది, డబ్బా మూత తీసి పక్కన పెట్టి టీకి వెళ్లకండి.

డ్రైయర్ తప్పకుండా కొత్తది వేయాలి. అందులో తేమను పీల్చే గింజలుంటాయి, పాత రకం గింజలు కొత్త గ్యాస్‌కు పనికిరావు. ఓ-రింగులు, హోస్ పైపులు కూడా కొత్తవే. కొత్త గ్యాస్ అణువు చిన్నది, పాత రబ్బరులోంచి మెల్లగా జారిపోతుంది. లోపల నైలాన్ పొర ఉండే బారియర్ హోస్ అడగండి.

అమెరికన్ కార్ల దగ్గర ఇంకో మెలిక ఉంది. 1962 నుంచి జనరల్ మోటార్స్ వాడిన ఫ్రిజిడేర్ ఏ6 కంప్రెసర్ సుమారు 206 సీసీ. చిన్న కార్లకు బిగించే శాండెన్ 508 రకం 138 సీసీ మాత్రమే. ఆ ఏ6 బరువు 15 కిలోల పైమాటే. సైజులో రాక్షసి, కానీ దాన్ని అదుపులో పెట్టే పీఓఏ వాల్వ్ ఆర్-12 ప్రెషర్‌కు సెట్ చేసి ఉంటుంది. కూలింగ్ కాయిల్ గడ్డకట్టకుండా సుమారు 29, 30 పీఎస్ఐ దగ్గర ఆపుతుంది. పైన చూశాం కదా, అదే చల్లదనానికి ఆర్-134ఏ ప్రెషర్ తక్కువ. వాల్వ్‌ను 26, 27కి తగ్గించకపోతే మీరెంత ఖర్చు పెట్టినా రెండు మూడు డిగ్రీలు అక్కడే పోతాయి. డల్లాస్‌లో ఉండి పాత జీటీఓ కొన్న మన అన్నయ్యలెవరైనా ఇది చదువుతుంటే, ఈ పేరా మీకే.

వ్యాక్యూమ్, లీక్ టెస్ట్: ఇక్కడ ప్రాణం మీదికి తెచ్చుకోవద్దు

సిస్టమ్ బిగించాక లోపల గాలి, తేమ మిగలకూడదు. వ్యాక్యూమ్ పంపు పెడితే ప్రెషర్ ఎంత పడిపోతుందంటే, లోపలి నీటి చుక్కలు మామూలు వేడికే మరిగి ఆవిరై బయటికొచ్చేస్తాయి. మన ఎండ పనికొచ్చే చోటు బహుశా ఇదొక్కటే. పది నిమిషాల పంపు చాలదు. కనీసం 45 నిమిషాలు నడిపించి, ఆపేశాక ముల్లు కదలకుండా నిలబడుతుందో లేదో చూడాలి. ఇప్పుడు బ్లూటూత్ వ్యాక్యూమ్ గేజులు వస్తున్నాయి. 500 మైక్రాన్ల కిందికి వెళ్లి అక్కడే ఆగిందా లేదా ఫోన్ యాప్‌లో గ్రాఫ్‌తో సహా కనిపిస్తుంది. పని చేయించుకునేవాళ్లకు ఇంతకంటే మంచి సాక్ష్యం లేదు.

లీక్ టెస్ట్‌కు వాడాల్సింది నైట్రోజన్. పక్కనే వెల్డింగ్ షెడ్ ఉందని ఆక్సిజన్ సిలిండర్ తగిలించనివ్వకండి. ప్రెషర్‌లో ఉన్న ఆక్సిజన్‌కు ఆయిల్ తగిలితే పేలుతుంది. కంప్రెసర్ గాలిని ఆర్-134ఏతో కలిపి ప్రెషర్ పెట్టడం కూడా ప్రమాదమే.

ఇంకొకటి. "ఆర్-12కి బదులు" అంటూ అమ్మే కొన్ని సిలిండర్లలో ఉండేది ప్రొపేన్, బ్యూటేన్ మిశ్రమం, అంటే మన వంటగ్యాస్‌కు తమ్ముడు. చల్లగానే ఉంటుంది, అందులో అబద్ధం లేదు. కానీ కూలింగ్ కాయిల్ ఉండేది మీ మోకాళ్ల ముందు, ముప్పై ఏళ్ల నాటి వైరింగ్ పక్కన. అక్కడ లీకైతే ఒక్క నిప్పురవ్వ చాలు. సిలిండర్ మీద పేరు చదవకుండా ఎవర్నీ గ్యాస్ నింపనివ్వకండి. సిస్టమ్‌లో ఇంకా పాత ఆర్-12 మిగిలి ఉంటే గాల్లోకి వదలొద్దు, రికవరీ మిషన్ ఉన్న చోట తీయించండి. మంట తగిలితే అది ఫాస్జీన్ లాంటి విషవాయువుగా మారుతుంది. కాబట్టి దీపం పెట్టి లీకులు వెతికే పాత పద్ధతి వద్దు. యూవీ డై గానీ ఎలక్ట్రానిక్ డిటెక్టర్ గానీ చాలు.

ఏసీ బాగున్నా కారు చల్లబడదు, ఎందుకు?

హీటర్ వాల్వ్ చూడండి. పాత కార్లలో అది పూర్తిగా మూసుకోదు. ఒకవైపు ఏసీ చల్లబరుస్తుంటే పక్కనే హీటర్‌లో 90 డిగ్రీల నీళ్లు పారుతుంటాయి. మన దగ్గర కారు హీటర్ వేసే రోజులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఆ పైపును బైపాస్ చేసి, అసలు భాగాలను డబ్బాలో దాచుకోండి. తర్వాత ఫైర్‌వాల్, ఫ్లోర్ కింద వేడి ఆపే షీట్. గ్లాసుకు నల్ల ఫిల్మ్ అంటారేమో, 2012లో సుప్రీంకోర్టు దానికి తలుపు మూసేసింది.

మన సైట్ చదివేవాళ్లకు ప్రత్యేకంగా ఒక మాట: ఏసీ వెంట్‌కు తగిలించే ఫోన్ హోల్డర్‌ను ఈ కార్లకు పెట్టకండి. ముప్పై ఏళ్ల ప్లాస్టిక్ రెక్క ఫోన్ బరువుకు పుటుక్కున విరుగుతుంది. ఒరిజినల్ వెంట్ మళ్లీ దొరకడం కంప్రెసర్ దొరకడం కంటే కష్టం.

టెస్ట్ రూట్: నంద్యాల నుంచి ఆళ్లగడ్డ

పని పూర్తయ్యాక షెడ్ నీడలో రీడింగ్ చూసి డబ్బులిచ్చేయకండి. మనకు మంచి టెస్ట్ రూట్ దగ్గర్లోనే ఉంది. ముందు నంద్యాల ఊళ్లో మధ్యాహ్నం పదిహేను నిమిషాలు ట్రాఫిక్‌లో నడపండి. కండెన్సర్‌కు, ఫ్యాన్‌కు అసలు పరీక్ష అదే. తర్వాత 40వ నంబర్ జాతీయ రహదారి ఎక్కి శిరివెళ్ల మీదుగా ఆళ్లగడ్డ వెళ్లండి, సుమారు 40 కిలోమీటర్లు. ఎడమవైపు నల్లమల కనిపిస్తుంటుంది. దక్షిణానికి వెళ్తుంటారు కాబట్టి మధ్యాహ్నం ఎండ కుడివైపు, అంటే డ్రైవర్ మీదే పడుతుంది. ఇంతకంటే కఠినమైన సీటు మీకు దొరకదు.

థర్మామీటర్‌ను మధ్య వెంట్‌లోకి దూర్చి, ఫ్యాన్ మీడియంలో, లోపలి గాలే తిరిగేలా పెట్టండి. ఇన్‌ఫ్రారెడ్ గన్ వాడితే మెరిసే లోహం మీద గురిపెట్టొద్దు, తప్పు చూపిస్తుంది. నల్ల టేపు ముక్క అంటించి దాని మీద కొలవండి. బయట 43, 44 ఉన్నప్పుడు రోడ్డు మీద వెంట్‌లో 10 నుంచి 12 డిగ్రీలు వస్తే పని బాగా జరిగినట్టే. యూట్యూబ్‌లో చూసిన 4 డిగ్రీల కోసం మెకానిక్‌తో గొడవ పెట్టుకోకండి.

రోడ్డు మీద చల్లగా ఉండి, ఊళ్లో ఆగగానే వెంట్ రీడింగ్ 20 దాటుతోందా? లోపం గ్యాస్‌లో ఉండే అవకాశం తక్కువ, ఫ్యాన్ దగ్గర, కండెన్సర్ దగ్గర వెతకండి. రెండు చోట్లా ఒకేలా చల్లదనం తక్కువైతే గ్యాస్ బరువు, ఎక్స్‌పాన్షన్ వాల్వ్, హీటర్ వాల్వ్ చూడాలి. మొదట చల్లగా ఉండి, ఆళ్లగడ్డ చేరేసరికి గాలే తగ్గిపోయి, కాసేపు ఆపాక మళ్లీ వస్తే కూలింగ్ కాయిల్ మీద మంచు పేరుకుంటోందని అర్థం. అప్పుడు థర్మోస్టాట్ మార్పించుకుని, మర్నాడు మధ్యాహ్నం మళ్లీ అదే రూట్‌లో వెళ్లి చూడండి.