మీ బండి ఎంత దూరంలో ఆగుతుంది?

ఇంటర్వ్యూ ఉందంటే రెజ్యూమె నాలుగుసార్లు చూసుకుంటాం. షర్టు ఇస్త్రీ చేయించుకుంటాం. బండిలో పెట్రోలుందో లేదో కూడా చూస్తాం. బ్రేకులు మాత్రం చూడం. జన్వాడ, మోకిల వైపు నుంచి నార్సింగి మీదుగా సిటీకి వచ్చే కుర్రాళ్లలో అన్నయ్యో బాబాయో వాడి ఇచ్చిన బండ్ల మీద తిరిగేవాళ్లు ఎందరో. ఇంజినీరింగ్‌ రోజుల్లో నాదీ అలాంటి బండే. వెనక బ్రేకు కీచుమంటుంటే ‘పాత బండి కదా’ అని వదిలేశా. మెకానిక్‌ చక్రం విప్పి అరిగిపోయిన బ్రేక్‌ షూలు చేతిలో పెట్టాక గానీ భయం వేయలేదు.

2025 నవంబరు 3న చేవెళ్ల మండలం మీర్జాగూడ దగ్గర కంకర టిప్పర్‌, ఆర్టీసీ బస్సు ఢీకొని 19 మంది చనిపోయారు. వాళ్లలో చదువుకుంటున్న అమ్మాయిలూ ఉన్నారు. ఎదురుగా ఏ బండి ఎలా వస్తుందో మన చేతిలో లేదు. మన బండి ఎక్కడ ఆగుతుందన్నది మాత్రం చాలావరకు మన చేతిలోనే ఉంది.

ఆ 20 మీటర్లే కీలకం

గంటకు 60 కి.మీ. వేగమంటే సెకనుకు దాదాపు 17 మీటర్లు. ప్రమాదాన్ని చూసి బ్రేకు నొక్కడానికి ఒక సెకను పట్టిందనుకోండి, అప్పటికే 17 మీటర్లు పోయాం. పొడి రోడ్డు మీద మంచి బ్రేకులుంటే ఆ తర్వాత సుమారు 20 మీటర్లలో ఆగుతాం. బ్రేకుల పట్టు సగానికి పడిపోతే 40 మీటర్లు కావాలి. అంటే, మంచి బ్రేకులున్న బండి పూర్తిగా ఆగిపోయిన చోట మీ బండి ఇంకా 42 కి.మీ. వేగంతో పోతుంటుంది!

బ్రేకులు చెప్పే మాట వినండి

సాధారణంగా బ్రేకులు ఒక్కరోజులో పాడవవు. ముందే సంకేతాలిస్తాయి.

* కీచుమనే శబ్దం, ఇనుము రాసుకున్నట్టు గరగర: ప్యాడ్లు లేదా షూలు అరిగి ఉండొచ్చు.
* డిస్క్‌ బ్రేకు లివర్‌ మెత్తగా దిగిపోతోంది: ఆయిల్లో గాలి చేరి ఉండొచ్చు.
* బ్రేక్‌ ఆయిల్‌ గాల్లోని తేమను పీల్చుకుంటుంది. డాట్‌ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల వరకు మరగదు. తేమ చేరాక ఆ హద్దు 155కు పడిపోవచ్చు. అందుకే మాన్యువల్‌లో చెప్పిన గడువుకు మార్పించాలి.
* పడిపోతామని ముందు బ్రేకు ముట్టుకోనివాళ్లున్నారు. బ్రేకు వేయగానే బరువు ముందుకొస్తుంది కాబట్టి ఎక్కువ పట్టు దానిదే. రెండూ కలిపి, మెల్లగా బిగించాలి.

2019 ఏప్రిల్‌ నుంచి 125 సీసీ దాటిన కొత్త బైకులన్నింటికీ ఏబీఎస్‌ తప్పనిసరి. అది చక్రం బిగుసుకుపోకుండా చూస్తుందంతే. అరిగిన ప్యాడ్లకు పట్టు తెచ్చిపెట్టదు.

ఇందులోనే కొలువులూ ఉన్నాయ్‌

ప్రమాదం జరిగాక బండిని పరీక్షించి, అందులో లోపముందో లేదో రాసిచ్చేది రవాణాశాఖ మోటారు వెహికల్‌ ఇన్‌స్పెక్టర్లు. తెలంగాణలో అసిస్టెంట్‌ ఇన్‌స్పెక్టర్‌ పోస్టుల్ని టీజీపీఎస్సీ భర్తీ చేస్తుంది. మెకానికల్‌, ఆటోమొబైల్‌ వాళ్లు ఆ నోటిఫికేషన్‌పై కన్నేసి ఉంచండి. బ్రేకులు తయారుచేసే జెడ్‌ఎఫ్‌ సంస్థకు మన నానక్‌రామ్‌గూడలోనే టెక్నాలజీ సెంటర్‌ ఉంది. అక్కడ సాఫ్ట్‌వేర్‌ వాళ్లకూ పనుంటుంది. పైన చెప్పిన లెక్కను కాగితం మీద మీరే వేసి చూడండి. ఇంటర్వ్యూలో అడిగితే తడుముకోరు.

అంతకన్నా ముందు ఈ ఆదివారం పది నిమిషాలు మెకానిక్‌ దగ్గర ఆగండి. ఉద్యోగం ఈసారి కాకపోతే మళ్లీ ప్రయత్నించొచ్చు. అందుకు మనం క్షేమంగా ఇంటికి చేరాలి కదా!