కోవిడ్ మందుల పరీక్షలు: పోల్చడానికి ఎవరు ఉన్నారు?

పరిచయం

ఈ పాఠం చదవడానికి మీకు వైద్యశాస్త్రం తెలిసి ఉండనక్కరలేదు. శాతాలు కట్టడం వస్తే చాలు. పక్కన ఒక కాగితం, పెన్ను పెట్టుకోండి.

2020 ఆగస్టులో మా తోడల్లుడు కోవిడ్‌తో హైదరాబాదులోని ఒక ఆసుపత్రిలో చేరాడు. ప్లాస్మా తెచ్చుకొమ్మన్నారు. కోవిడ్ వచ్చి తగ్గినవారి రక్తంలో ఆ వైరస్‌ను ఎదుర్కొనే ప్రతిరక్షకాలు ఉంటాయి. రక్తకణాలను తీసివేయగా మిగిలే పసుపుపచ్చని ద్రవం ప్లాస్మా. ఆ ప్రతిరక్షకాలు అందులో ఉంటాయి. దాత కోసం మూడు రోజులు తెలిసినవాళ్ళందరికీ ఫోన్లు చేశాం. నాలుగో రోజున దొరికాడు. ప్లాస్మా ఎక్కించారు. ఆ తరవాత వారం రోజులకు మనిషి ఇంటికి వచ్చాడు. "ఇంకేం రుజువు కావాలి, బావగారూ?" అంది మా మరదలు. ముప్పై ఏళ్ళకు పైగా గణాంకశాస్త్రం చెప్పినవాణ్ణే గాని, ఆ పూట ఏమీ అనలేదు. అనవలసిన సమయం కాదది. ఆమెకు చెప్పవలసిన జవాబు ఇక్కడ మీకు చెబుతున్నాను.

కోలుకున్నవారిని లెక్కపెడితే సరిపోదా?

జలుబుకు మందు వేసుకుంటే వారంలో, వేసుకోకపోతే ఏడు రోజుల్లో తగ్గుతుందని మన పెద్దలు హాస్యానికి అనేవారు. కోవిడ్ జలుబు కాదు, ప్రాణాలు తీసిన జబ్బు. అయినా ఆ హాస్యంలో ఉన్న తర్కం దీనికీ వర్తిస్తుంది. ఆసుపత్రిలో చేరినవారిలో కూడా ఎక్కువమంది కోలుకున్నారు. అందువల్ల ఏ మందు ఇచ్చినా, ఇచ్చిన వారిలో ఎక్కువమంది కోలుకుంటారు. "వందమందికి ఇచ్చాం, ఎనభైమంది ఇంటికి వెళ్ళారు" అనే వాక్యం ఆ మందు గురించి ఏమీ చెప్పదు. ఇవ్వకపోతే ఎంతమంది వెళ్ళేవారో తెలిసినప్పుడే ఆ ఎనభైకి అర్థం వస్తుంది.

అయితే ప్లాస్మా అందినవారినీ అందనివారినీ పోల్చి చూస్తే? ఇక్కడ మీరు కాస్త ఆగి ఆలోచించాలి. ప్లాస్మా ఎవరికి అందింది? ఫోన్లు చేయడానికి మనుషులు, ఖర్చుపెట్టడానికి డబ్బు ఉన్నవారికి. అంతకంటె ముఖ్యంగా, దాత దొరికేదాకా బతికి ఉన్నవారికి. మా తోడల్లుడికి దాత దొరికింది నాలుగో రోజున. రెండో రోజునే చనిపోయిన రోగి 'ప్లాస్మా అందనివారి' లెక్కలోకి వెళ్ళిపోతాడు. ఇక ప్లాస్మా ఎక్కించుకున్నవారిలో మరణాలు తక్కువగా కనబడడంలో ఆశ్చర్యమేముంది?

దీనికి మన ఇళ్ళలోనే ఒక ఉదాహరణ ఉంది. షష్టిపూర్తి జరుపుకున్నవారి సగటు ఆయుర్దాయం కట్టి, జరుపుకోని వారందరి ఆయుర్దాయంతో పోల్చండి. షష్టిపూర్తి వల్ల ఆయుష్షు పెరుగుతుందని 'రుజువు' అవుతుంది! అరవై ఏళ్ళు బతికినవారే షష్టిపూర్తి చేసుకోగలరన్న సంగతి మరచిపోయాం, అంతే. ఇది అంత తేలికగా కనబడే తప్పు కాదు. పెద్ద పెద్ద డిగ్రీలున్నవారి వ్యాసాలలో కూడా దొర్లుతుంది.

లెక్కలోంచి జారిపోయిన ఆరుగురు

2020 మార్చిలో ఫ్రాన్స్‌లోని మార్సే నగరం నుంచి ఒక అధ్యయనం వెలువడింది. మలేరియాకు, కీళ్ళవాతానికి వాడే హైడ్రాక్సీక్లోరోక్విన్ ఇస్తే ముక్కులోని వైరస్ త్వరగా పోతున్నదని అందులో రాశారు. లెక్కలోకి వచ్చినవారు మొత్తం 36 మంది: మందు తీసుకున్నవారు 20, తీసుకోనివారు 16. ఆ ఫలితం ప్రపంచమంతా పాకింది.

నిజానికి మందు మొదలుపెట్టినవారు 26 మంది. మిగిలిన ఆరుగురు ఏమయ్యారు? ముగ్గురిని ఐసీయూకు మార్చారు. ఒకరు మరణించారు. ఒకరు ఆసుపత్రి విడిచి వెళ్ళారు. ఒకరు వికారం వల్ల మందు మానేశారు. ఈ ఆరుగురినీ ఫలితాల లెక్కలోంచి తీసివేశారు. మందు తీసుకోని పక్షంలో ఎవరూ చనిపోలేదు, ఎవరూ ఐసీయూకు వెళ్ళలేదు. పరీక్ష రాయలేక మధ్యలో లేచిపోయిన విద్యార్థులను పక్కన పెట్టి ఉత్తీర్ణత శాతం ప్రకటించినట్టుంది కదా! ఈ వ్యాసాన్ని పత్రిక 2024 డిసెంబరులో ఉపసంహరించుకుంది. అప్పటికి దాదాపు ఐదేళ్ళు గడిచిపోయాయి.

చీటీ వేసి విభజించడం

పై చిక్కులన్నిటికీ ఒకటే మూలం. ఎవరికి మందు అందాలో డబ్బు, వయసు, డాక్టరు అభిప్రాయం, రోగి ఓపిక నిర్ణయిస్తున్నాయి. ఆ నిర్ణయాన్ని వాటి చేతుల్లోంచి తీసి చీటీకి అప్పగిస్తే? చీటీకి ముసలివారు, యువకులు అన్న తేడా తెలియదు. తగినంతమందిని చీటీ వేసి రెండుగా విడదీస్తే షుగరు ఉన్నవారు, లేనివారు, బలహీనులు, దృఢకాయులు రెండు పక్షాలలోనూ ఇంచుమించు ఒకే పాళ్ళలో పడతారు. మనకు తెలియని తేడాలు కూడా అలాగే పంచుకుపోతాయి. ఈ పద్ధతి గొప్పతనమంతా ఆ చివరి మాటలోనే ఉంది. ఇలా చేసే పరీక్షను యాదృచ్ఛిక నియంత్రిత పరీక్ష అంటారు. కొత్త మందు లేకుండా మామూలు చికిత్స మాత్రమే పొందే పక్షం నియంత్రణ సమూహం.

భారత వైద్య పరిశోధన మండలి ప్లాస్మా మీద సరిగ్గా ఇదే పని చేసింది. 2020 ఏప్రిల్ నుంచి జూలై దాకా దేశంలోని 39 ఆసుపత్రులలో, ఒక మోస్తరు తీవ్రత ఉన్న 464 మంది రోగులను చీటీ పద్ధతిలో విభజించారు. 235 మందికి మామూలు చికిత్సతో పాటు ప్లాస్మా ఇచ్చారు. 229 మందికి మామూలు చికిత్స మాత్రమే. 28 రోజులలో జబ్బు తీవ్రమైనవారు లేదా మరణించినవారు ప్లాస్మా పక్షంలో 44 మంది, నియంత్రణ పక్షంలో 41 మంది. శాతాలు మీరే కట్టండి: 19, 18. తేడా లేదు.

ఇంకో సంగతి గమనించండి. ఏడో రోజుకు ఆయాసం, నీరసం తగ్గినవారు ప్లాస్మా పక్షంలోనే ఎక్కువ. వైరస్ పరీక్షలో నెగెటివ్ వచ్చినవారూ అక్కడే ఎక్కువ. ఇంటివాళ్ళకు కనబడేవి ఇవే. కాని తమకు ప్లాస్మా ఎక్కిందో లేదో ఈ పరీక్షలో రోగులకు తెలుసు. నాకు మంచి చికిత్స అందిందన్న నమ్మకం ఉన్నవారు ఆయాసం తగ్గిందని చెప్పడం సహజం. దీన్ని అరికట్టడానికే కొన్ని పరీక్షలలో నియంత్రణ సమూహానికి ప్లాసిబో, అంటే మందు లేని ఉత్తుత్తి మాత్ర, ఇస్తారు. ఇక వైరస్ త్వరగా పోయినా మరణాలు తగ్గలేదు. ఏది కొలుస్తున్నామన్నది అందుకే ముఖ్యం.

తరవాత బ్రిటన్‌లో 11 వేలమందికి పైగా రోగులపై జరిగిన పరీక్షలోనూ మరణాలు రెండు పక్షాలలో 24 శాతమే. 2021 మే నెలలో మన దేశపు చికిత్సా మార్గదర్శకాల నుంచి ప్లాస్మాను తొలగించారు. రెండో అలలో అప్పటిదాకా దాతల కోసం ఎంతమంది ఎన్ని రాత్రులు వెతికారో మీలో చాలామందికి తెలిసే ఉంటుంది.

ఒకే మందు, మూడు ఫలితాలు

చీటీ పద్ధతి కాదని చెప్పడానికే పనికివస్తుందనుకోకండి. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం ఆచార్యులు పీటర్ హార్బీ, మార్టిన్ లాండ్రే నాయకత్వంలో 2020 మార్చిలో 'రికవరీ' అనే పరీక్ష మొదలైంది. హైడ్రాక్సీక్లోరోక్విన్ మరణాలను తగ్గించడం లేదని తేల్చినది కూడా ఇదే: మందు పక్షంలో 27 శాతం, నియంత్రణ పక్షంలో 25 శాతం. అదే పరీక్షలో డెక్సామెథసోన్ అనే చవకైన పాత స్టెరాయిడ్‌ను కూడా చూశారు. కోవిడ్‌కు స్టెరాయిడ్లు మామూలుగా వాడవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ అప్పటికే చెప్పి ఉంది. 2104 మందికి రోజుకు 6 మిల్లీగ్రాముల చొప్పున పది రోజుల దాకా ఇచ్చి, 4321 మందితో పోల్చారు. ఫలితాన్ని జూన్ 16న ప్రకటించారు.

వెంటిలేటర్ మీద ఉన్నవారిలో 28 రోజులలో మరణాలు మామూలు చికిత్సతో 41.4 శాతం, డెక్సామెథసోన్‌తో 29.3 శాతం. ఆక్సిజన్ మాత్రమే అవసరమైనవారిలో 26.2, 23.3. ఆక్సిజన్ అవసరం లేనివారిలో? మామూలు చికిత్సతో 14.0, మందుతో 17.8. ఈ చివరి తేడా కేవలం యాదృచ్ఛికం కావచ్చు. కాని మేలు జరిగిందనడానికి మాత్రం ఏ ఆధారమూ లేదు.

కారణం ఊహించడం కష్టం కాదు. జబ్బు ముదిరాక ఊపిరితిత్తులను దెబ్బతీసేది వైరస్ కంటె మన రోగనిరోధక వ్యవస్థ అదుపు తప్పి రేపే వాపు. స్టెరాయిడ్ దాన్ని అణచివేస్తుంది. తొలి రోజుల్లో వైరస్‌తో పోరాడవలసింది ఆ వ్యవస్థే. అప్పుడు దాన్ని అణచడం మన సైన్యం చేతులు మనమే కట్టివేయడం.

ఈ మూడు వరుసలలో మొదటి వరుస ఒక్కటే జనంలోకి వెళ్ళింది. 2021 వేసవిలో జ్వరం వచ్చిన రెండో రోజునే, ఆక్సిజన్ శాతం బాగానే ఉన్నా, వాట్సాప్‌లో వచ్చిన చీటీ చూసి స్టెరాయిడ్లు మింగినవారు మా వీధిలోనే ఉన్నారు. స్టెరాయిడ్ రక్తంలో చక్కెరను పెంచుతుంది. అదుపులేని షుగరు, స్టెరాయిడ్ కలిసిన చోట బ్లాక్ ఫంగస్ పాగా వేసింది. ఆ మే నెలలో హైదరాబాదు కోఠీలోని ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి ఆ రోగులతో నిండిపోయింది.

చీటీ వేయడం అన్యాయం కాదా?

ప్రతి సంవత్సరం తరగతిలో ఎవరో ఒకరు ఈ ప్రశ్న వేసేవారు. మంచి ప్రశ్న. మందు పనిచేస్తుందని తెలిసి కూడా చీటీ వేస్తే అది అన్యాయమే. తెలియనప్పుడు సంగతి వేరు. నియంత్రణ పక్షంలోని రోగిని గాలికి వదిలేయరు. అప్పటికి అందుబాటులో ఉన్న చికిత్స అంతా ఇస్తారు. పరీక్షలో చేరేముందు రోగికి అర్థమయ్యే భాషలో వివరించి సమ్మతి తీసుకోవాలి. కాదంటే చికిత్సకు లోటు రాకూడదు. మన చోట కొన్నిసార్లు సమ్మతి పత్రం సంతకాల తతంగంగా మారిపోతుందన్నది కాదనలేని మాట. ఆ లోపాన్ని సరిదిద్దుకోవాలి గాని దానికోసం చీటీని మానుకోకూడదు. తెలియని మందును అందరికీ ఇవ్వడం కూడా ప్రయోగమే కదా. కాకపోతే దాని ఫలితాన్ని ఎవరూ రాసిపెట్టుకోరు.

మీ అవగాహనను పరీక్షించుకోండి

1. రికవరీ పరీక్షలో వెంటిలేటర్ మీద ఉండి డెక్సామెథసోన్ పొందిన 324 మందిలో 95 మంది, మామూలు చికిత్స పొందిన 683 మందిలో 283 మంది మరణించారు. శాతాలు కట్టి, ఆ మందు వల్ల నూటికి సుమారు ఎంతమంది బతికారో చెప్పండి.

2. షష్టిపూర్తి ఉదాహరణలోని తప్పువంటిదే మరొకటి మీ అనుభవం నుంచి రాయండి.

3. 2021 మే నెలలో నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో ఒక మూలికా మందు కోసం వేలాదిమంది బారులు తీరారు. వారిలో చాలామంది కోలుకున్నారనుకుందాం. ఆ మందు పనిచేసిందో లేదో తేల్చడానికి మీరైతే ఎవరిని ఎవరితో పోలుస్తారు? ఎవరెవరు లెక్కలోంచి జారిపోయే అవకాశం ఉంది? (సూచన: బారులో నిలబడగల ఓపిక ఎవరికి ఉంటుందో ముందు ఆలోచించండి.)