పాల లెక్క కంప్యూటరుకు చేరే తీరు

కంప్యూటర్ తూకం ఉన్న సంఘాలకు మేము తనిఖీకి వెళ్ళినప్పుడు సభ్యులు అడిగే ప్రశ్న ఒకటున్నది: "ఇక్కడ తూచిన లెక్క ఇంటర్నెట్ ద్వారా దూరానికి తప్పు పోకుండా ఎలా చేరుతుంది?"

ఏ కంపెనీ యంత్రమైనా ఒకే కట్టుబాటును పాటించడం వల్లనే అది సాధ్యమవుతున్నది. ఈ కట్టుబాటునే ప్రోటోకాల్ అంటారు. ముఖ్యమైనవి టీసీపీ, ఐపీ. 1974లో వింటన్ సెర్ఫ్, రాబర్ట్ కాన్ ప్రకటించిన పద్ధతి వీటికి మూలం. అమెరికాలోని ఆర్పానెట్ 1983 జనవరి 1న వీటికి మారింది.

సమాచారాన్ని చిన్న చిన్న పొట్లాలుగా విడదీస్తారు. పాల క్యాను మీద సంఘం నంబరు వేసినట్లు, ప్రతి పొట్లం మీద పంపినవారి, అందుకొనేవారి చిరునామాలుంటాయి. ఇది ఐపీ పని. వరుస సంఖ్య వేయడం, అందినట్లు రసీదు తెప్పించడం టీసీపీ పని. రసీదు రాకుంటే ఆ పొట్లాన్ని మళ్ళీ పంపుతుంది. వెనకా ముందూ చేరినవాటిని వరుసలో పేరుస్తుంది.

అయితే ఒక మాట గుర్తుంచుకోవాలి. ఈ కట్టుబాట్లు అంకెను చేరుస్తాయే గాని, అది నిజమో కాదో చూడవు. వెన్న 6.5 శాతానికి బదులు 5.5 అని నమోదైతే, 5.5 గానే భద్రంగా చేరుతుంది. నష్టం సభ్యునిదే. కనుక పాలు పోసిన వెంటనే చీటీ చూసుకొని, తేడా ఉంటే అక్కడే కార్యదర్శి చేత సరిచేయించుకోవలసిందిగా కోరుతున్నాము.