ఆ ఉత్తరం ఎవరు పోస్టు చేశారు?
వృత్తిలో నిజాయితీ గురించి కొన్ని అపోహలు, వాస్తవాలు

2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ చైర్మన్ బి. రామలింగరాజు తన బోర్డుకు రాసిన లేఖ దేశమంతటినీ కుదిపేసింది. అంతకు ముందు సెప్టెంబరు నెలాఖరుకు కంపెనీ పుస్తకాల్లో నగదు, బ్యాంకు నిల్వలు 5,361 కోట్ల రూపాయలు. అందులో 5,040 కోట్లు అసలు లేవని ఆయనే ఒప్పుకున్నారు. ఆ మూడు నెలలకు చూపిన నిర్వహణ లాభం 649 కోట్లు. నిజంగా వచ్చింది 61 కోట్లు.

ఈ కథ తెలుగువాళ్ళకు కొత్త కాదు. ఆ కంపెనీలో మనవాళ్ళ పిల్లలు పనిచేశారు, మనవాళ్ళ పొదుపు ఆ షేర్లలో ఉంది. అయినా దాన్నుంచి మనం తప్పు పాఠమే నేర్చుకున్నామని నా నమ్మకం. ఒక పెద్దమనిషి అత్యాశ, ఆయనకు తోడుపడ్డ నలుగురు, అంతే కథ అనుకుని పక్కన పెట్టేశాం. దాంతో వృత్తి నియమావళి గురించిన పాత అపోహలు ఆడిట్ ఆఫీసుల్లో, ఆసుపత్రుల్లో, కోర్టు వరండాల్లో ఇప్పటికీ అలాగే ఉన్నాయి.

అపోహ: మంచివాడికి నియమావళితో పనిలేదు, చెడ్డవాడు దాన్ని ఎలాగూ పట్టించుకోడు.

వినడానికి బాగుంటుంది కాబట్టే ఈ మాట ఇంతకాలం బతికింది. నిజానికి వృత్తి నియమాల్లో ఎక్కువ భాగం దొంగలను ఉద్దేశించి రాసినవి కావు. తండ్రి న్యాయమూర్తిగా కూర్చున్న కోర్టులో కొడుకు వాదించకూడదని బార్ కౌన్సిల్ నియమం. దగ్గరి బంధువు డైరెక్టరుగా ఉన్న కంపెనీకి ఆడిటర్‌గా ఉండకూడదని కంపెనీల చట్టం. ఆ కొడుకు అబద్ధాలకోరనీ, ఆ ఆడిటర్ అమ్ముడుపోతాడనీ ఈ నియమాల అర్థం కాదు. ఎంత మంచివాడికైనా తనవాళ్ళ విషయంలో చూపు మసకబారుతుంది, ఆ సంగతి తనకే తెలియదు. అందుకే అలాంటి చోట తీర్పు చెప్పే స్థానంలో కూర్చోవద్దంటారు.

2008 డిసెంబరు 16న సత్యం బోర్డు రాజు కుటుంబానికి చెందిన రెండు మేటాస్ కంపెనీలను సుమారు 160 కోట్ల డాలర్లకు కొనడానికి ఆమోదం తెలిపింది. ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ సొమ్ముతో యజమాని కుటుంబపు స్థిరాస్తి, నిర్మాణ కంపెనీలు కొనడం! మదుపరులు భగ్గుమన్నారు. కొన్ని గంటల్లోనే ఆ ప్రతిపాదనను వెనక్కి తీసుకున్నారు. ఆ బోర్డు డైరెక్టర్లలో హార్వర్డ్ ఆచార్యుడు, కేంద్ర ప్రభుత్వ మాజీ కేబినెట్ కార్యదర్శి, హైదరాబాదు బిజినెస్ స్కూల్ ఐఎస్‌బీ డీన్ ఉన్నారు. చదువుకు, పేరుకు కొదవలేని మనుషులు. పేరున్న మనుషులు బల్ల చుట్టూ ఉంటే చాలనుకున్న చోట, వద్దని గట్టిగా చెప్పిన గొంతు బయటి నుంచే రావలసి వచ్చింది.

అపోహ: గోడ మీద నియమావళి, అల్మారాలో అవార్డు ఉంటే ఆ సంస్థ విలువలున్నదే.

2008లోనే సత్యానికి కార్పొరేట్ పాలనకుగాను గోల్డెన్ పీకాక్ పురస్కారం వచ్చింది. లేఖ బయటపడ్డాక వెనక్కి తీసుకున్నారు. దీని మీద ఇంతకంటే చెప్పడానికేమీ లేదు.

అపోహ: ఆడిటర్ సంతకం పెట్టాడంటే ప్రతి అంకెకూ ఆయన పూచీ. లేదా, దాచినదాన్ని కనిపెట్టడం అసలు ఆయన పనే కాదు.

సత్యం తర్వాత ఈ రెండు మాటలూ విన్నాం. మదుపరులు మొదటిది అన్నారు, వృత్తిలోవాళ్ళు కొందరు రెండోది అన్నారు. రెండూ తప్పే. ఆడిట్ ఇచ్చేది సహేతుకమైన భరోసా మాత్రమే. ప్రతి రసీదూ ఎవరూ చూడలేరు. కానీ ఆ భరోసా ఇవ్వడానికి ముందు కొన్ని పనులు తప్పకుండా చేయాలి, అవి కూడా ఒక పద్ధతిలోనే చేయాలి.

వాటిలో ఒకటి బ్యాంక్ కన్ఫర్మేషన్. కంపెనీకి మీ దగ్గర ఎంత డిపాజిట్ ఉందో చెప్పమని బ్యాంకుకు ఉత్తరం వెళ్తుంది. దాన్ని పంపించేది ఆడిటర్. జవాబు నేరుగా ఆడిటర్ చిరునామాకే రావాలి. మధ్యలో కంపెనీ చేతికి ఆ కాగితం తగలకూడదు. ఆర్టికల్‌షిప్‌లో చేరిన కుర్రాడికి మొదట్లోనే నేర్పే విషయం ఇది. ఇందులో మేధస్సు అక్కర్లేదు, ధైర్యం కూడా అక్కర్లేదు. కవరు మనమే పోస్టు చేయాలి, అంతే.

సత్యంలో జరగనిది అదే. 2011 ఏప్రిల్‌లో అమెరికా మార్కెట్ల నియంత్రణ సంస్థ ఎస్‌ఈసీ ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం, ఆ ఉత్తరాలు పంపడం, జవాబులు తెచ్చుకోవడం రెండూ సత్యం ఆడిటర్లైన ప్రైస్ వాటర్‌హౌస్ భారతీయ సంస్థల సిబ్బంది కంపెనీకే వదిలేశారు. వచ్చిన జవాబులు సరైనవేనా అని బ్యాంకులను అడిగి చూసుకున్న సందర్భాలు లేవన్నంత అరుదు. ఆ సంస్థలు ఆరోపణలను ఒప్పుకోకుండా, కాదనకుండా 60 లక్షల డాలర్ల జరిమానాకు సిద్ధపడ్డాయి. ఆడిటర్లను పర్యవేక్షించే అమెరికా సంస్థ మరో 15 లక్షల డాలర్లు విధించింది. ఇక్కడ మన మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ 2018 జనవరిలో వాటి మీద రెండేళ్ళ నిషేధం విధిస్తే, 2019 సెప్టెంబరులో అప్పీలు ట్రిబ్యునల్ దాన్ని కొట్టేసింది. చట్టపరంగా ఎవరి బాధ్యత ఎంత అన్నది కోర్టులు తేల్చే విషయం. నన్ను కలవరపెట్టేది ఆ కవరే. వేల కోట్ల అబద్ధం ఏళ్ళ తరబడి నిలబడడానికి గొప్ప కుట్ర ఒక్కటే కారణం కాదు. ఎవరో ఒకరు ప్రతి ఏడూ ‘కంపెనీవాళ్ళే తెచ్చిస్తారులే, మనకెందుకు శ్రమ’ అనుకోవడం కూడా కారణమే. నిజాయితీ అంటే మనసులో ఉండే గుణం అనుకుంటాం. వృత్తిలో అది ఎక్కువగా చేతి పనిలో ఉంటుంది.

అపోహ: పైవాళ్ళు చెప్పింది చేశాను, బాధ్యత వాళ్ళది.

2015 ఏప్రిల్ 9న హైదరాబాదులోని ప్రత్యేక కోర్టు పదిమందిని దోషులుగా తేల్చి ఏడేళ్ళ కఠిన కారాగార శిక్ష వేసింది. వాళ్ళందరూ యజమానులు కారు. ఫైనాన్స్ విభాగంలోని కిందిస్థాయి ఉద్యోగులూ, లోపలి ఆడిట్ చూసిన వ్యక్తీ, బయటి ఆడిటర్లూ అందులో ఉన్నారు. తర్వాత అప్పీలులో శిక్ష నిలిపివేసి బెయిలిచ్చారు. కానీ ‘సార్ చెప్పారు’ అన్నది తెల్లకాగితం మీద రాసిచ్చిన మినహాయింపు కాదని ఆ తీర్పు తేటతెల్లం చేసింది. చార్టర్డ్ అకౌంటెంట్‌కైనా, డాక్టర్‌కైనా, లాయర్‌కైనా లైసెన్సు వ్యక్తి పేరు మీదే ఇస్తారు. తగిన శ్రద్ధ చూపకపోయినా, తీవ్రమైన నిర్లక్ష్యం చూపినా దుష్ప్రవర్తనే అని 1949 నాటి చార్టర్డ్ అకౌంటెంట్ల చట్టం రెండో షెడ్యూల్ చెబుతోంది. కావాలని మోసం చేసి ఉండాలన్న షరతు అక్కడ లేదు.

ఇబ్బందికరమైన ఆదేశం వచ్చినప్పుడు చేయగలిగిన పని ఒకటుంది. ‘ఈ మాట మెయిల్‌లో పంపండి సార్, ఫైల్లో పెట్టుకుంటాను’ అని మర్యాదగా అడగడం. ఎవరితోనూ గొడవ పడనక్కర్లేదు. నోటితో చెప్పడానికి వెనకాడని చాలామంది రాతలో పెట్టడానికి వెనకాడతారు.

అపోహ: పండక్కి ఇచ్చే చిన్న కానుక లంచమెలా అవుతుంది?

వైద్యుల సంగతే చూద్దాం. పేషెంట్‌ను ఫలానా ల్యాబుకు, ఫలానా ఆసుపత్రికి పంపినందుకు కమీషన్ తీసుకోకూడదని 2002 నాటి వైద్యవృత్తి నియమాల్లోనే ఉంది. మందుల కంపెనీల నుంచి కానుకలు, ప్రయాణ ఖర్చులు, ఆతిథ్యం కూడదని 2009లో చేర్చారు. 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఇంకో అడుగు ముందుకు వేసి, డాక్టర్లకు అలాంటివి ఇచ్చిన కంపెనీ ఆ ఖర్చును ఆదాయపన్ను లెక్కల్లో మినహాయించుకోవడం కుదరదంది. చివరికి ఆ కానుకల భారం మందు ధర రూపంలో రోగి మీదే పడుతుందన్నది కోర్టు ఆందోళన. కానుక చిన్నదా పెద్దదా అన్నది ఇచ్చేవాడు, పుచ్చుకునేవాడు చూసుకునే లెక్క. మందు చీటీ పట్టుకుని బయట నిలబడ్డ మనిషికి ఆ లెక్కలో చోటే లేదు.

అపోహ: అన్నం పెట్టిన సంస్థ గుట్టు బయటపెట్టడం తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమే.

అన్నిటికంటే లోతుగా పాతుకున్నది ఇదే, మంచివాళ్ళ నోళ్ళు మూయించేదీ ఇదే. విశ్వాసం గొప్ప గుణమే. కానీ సత్యంలో అప్పుడు దాదాపు 53,000 మంది పనిచేస్తున్నారు. మాట్లాడకపోవడం ఎవరికి విశ్వాసం? ఆ వేలమందికా, లెక్కలు మార్చినవాళ్ళకా? కూలిపోబోతున్న వాసాన్ని చూపించినవాడు ఆ ఇంటికి శత్రువు కాడు.

చట్టం కూడా ఈ వైపే కదిలింది. 2013 కంపెనీల చట్టం ప్రకారం స్టాక్ ఎక్స్చేంజీల్లో నమోదైన కంపెనీల్లో ఉద్యోగులు ఫిర్యాదు చేసుకునే ఏర్పాటు తప్పనిసరి, అవసరమైతే నేరుగా ఆడిట్ కమిటీ అధ్యక్షుడి దాకా వెళ్ళవచ్చు. కోటి రూపాయలు, అంతకు మించిన మోసం జరుగుతోందని నమ్మడానికి కారణం కనిపిస్తే ఆడిటర్ కేంద్ర ప్రభుత్వానికి తెలియజేయాల్సిందే. క్లయింటు రహస్యం అన్న మాట అక్కడ చెల్లదు. అయితే ప్రభుత్వ విభాగాల్లో అవినీతిని బయటపెట్టేవారి రక్షణకు 2014లో చట్టం చేసి, ఏళ్ళ తరబడి అమల్లోకి తేకపోవడం మనందరం సిగ్గుపడాల్సిన విషయం. ధైర్యం చేయమని చెప్పే సమాజం ఆ ధైర్యవంతుడి ఇంటికి కాపలా కూడా కాయాలి.

అపోహ: ఒకసారి పరువు పోతే అంతే, ఇక నిలబెట్టలేం.

లేఖ వచ్చిన రెండ్రోజులకే పాత బోర్డు స్థానంలోకి ప్రభుత్వం తన మనుషులను పంపే ఏర్పాటు జరిగింది. దీపక్ పరేఖ్, కిరణ్ కార్నిక్, అచ్యుతన్, ఆ వెంటనే తరుణ్ దాస్, మైనక్, టి.ఎన్. మనోహరన్ వచ్చారు. ఈ మనోహరన్ చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థకు మాజీ అధ్యక్షుడు. ఏ వృత్తి తలదించుకుందో ఆ వృత్తివాడే. జీతాలు ఆగకుండా చూడడం, పారిపోతున్న క్లయింట్లను పట్టి ఉంచడం, కొనేవాళ్ళను బహిరంగ పద్ధతిలో వెతకడం వాళ్ళ పని. ఏప్రిల్‌కల్లా టెక్ మహీంద్రా కంపెనీని తీసుకుంది. ఆ తర్వాత ఏడాదిన్నర పాటు, దొరికిన కాగితాలతో, దొరకని కాగితాలతో కుస్తీపట్టి పాత లెక్కలను తిరగరాశారు. 2010 సెప్టెంబరులో ఆ లెక్కలు వెలువడ్డాయి. నష్టాలు చూపించిన లెక్కలవి. వాటిని నమ్మి కంపెనీ ముందుకు నడిచింది, క్లయింట్లు చాలామంది ఉండిపోయారు.