చింపి పారేసే డబ్బానే మంచి అచ్చు

ఇంట్లో కొవ్వొత్తులు చేద్దామనుకునేవాళ్లు అచ్చు కోసం వెతికేటప్పుడు ముందుగా ఆకారమే చూస్తారు. అందమైన గాజుసీసా, నడుము సన్నగా ఉన్న ప్లాస్టిక్ డబ్బా, పూల అంచు గిన్నె కంటపడితే చాలు, మైనం పోసి చూడాలనిపిస్తుంది. కరిగిన మైనం ఏ పాత్రలోనైనా ఇమిడిపోతుంది. చిక్కంతా అది గడ్డకట్టాక మొదలవుతుంది. మెడ ఇరుకైన సీసాలో గట్టిపడ్డ కొవ్వొత్తి బయటికి రావాలంటే సీసా పగలాల్సిందే. కాబట్టి అచ్చును ఎంచేటప్పుడు అది మైనాన్ని ఎంత తేలిగ్గా వదులుతుందో ముందు చూడాలి, అందం సంగతి తర్వాత. అలా చూస్తే, చెత్తబుట్టలోకి పోబోయే జ్యూస్ అట్టడబ్బా అలమరలోని గాజుపాత్ర కంటే మేలైన అచ్చు.

కొవ్వొత్తుల తయారీ చరిత్ర కూడా ఈ మాటనే బలపరుస్తుంది. మైకేల్ ఫారడే 1860-61 క్రిస్మస్ సెలవుల్లో లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో పిల్లల కోసం కొవ్వొత్తి మీద వరుస ఉపన్యాసాలు ఇచ్చారు. తేనెమైనపు కొవ్వొత్తులను అచ్చుల్లో పోయరని వాటిలోనే వివరించారు. తేనెమైనానికి జిగురు ఎక్కువ, అచ్చును ఒక పట్టాన వదలదు. అందుకే ఒత్తులను వేలాడదీసి, వాటి మీద కరిగిన మైనం మళ్లీ మళ్లీ పోస్తూ లావు చేసి, చివరికి బల్ల మీద దొర్లించి నునుపు చేసేవారు. 1834లో జోసెఫ్ మోర్గన్ ఇంగ్లండ్‌లో కొవ్వొత్తుల యంత్రాన్ని రూపొందించారు. గడ్డకట్టిన కొవ్వొత్తులను అచ్చుల్లోంచి పైకి నెట్టే ముషలకాలే అందులోని ప్రత్యేకత. అంటే పరిశ్రమ పట్టుబట్టి సాధించింది మైనం పోసే పద్ధతిని కాదు, కొవ్వొత్తిని బయటికి తీసే ఉపాయాన్ని. ఇంట్లో అలాంటి యంత్రం ఉండదు కనుక ఆ ఉపాయం అచ్చులోనే ఉండాలి.

బజార్లో దొరికే మామూలు మైనం పారఫిన్. ఇది రకాన్ని బట్టి దాదాపు 50 నుంచి 65 డిగ్రీల సెల్సియస్ మధ్య కరుగుతుంది. ద్రవం నుంచి ఘనంగా మారేటప్పుడు దాని పరిమాణం పదో వంతుకు పైగా తగ్గిపోతుంది. ఈ కుంచించుకుపోవడం వల్ల ఒక మేలు, ఒక కీడు. మైనం గోడల నుంచి కాస్త ఎడంగా జరగడం మేలు. ఒత్తి చుట్టూ గుంట పడటం, లోపల బోలు ఏర్పడటం కీడు. పైపొర తెట్టు కట్టగానే చీపురుపుల్లతో ఒత్తి పక్కన రెండు మూడు చోట్ల పొడిచి, మిగిల్చిన మైనాన్ని మళ్లీ పోస్తే ఆ లోటు తీరుతుంది. గోడలు పైకి పోయేకొద్దీ వెడల్పయితే కొవ్వొత్తి కొంచెం కదిలినా చాలు, జారి వచ్చేస్తుంది. అందుకే కింద సన్నగా, పైన వెడల్పుగా ఉండే స్టీలుగ్లాసు మంచి అచ్చే. పాత ఇడ్లీ రేకుల్లోని గుంటలు నీళ్లపై తేలే చిన్న కొవ్వొత్తులకు సరిపోతాయి. లోపల నూనె పలచగా రాస్తే ఇంకా సులువు. గోడలు నిటారుగా ఉంటే మాత్రం అచ్చును విప్పాలి, లేదా చింపాలి. లోపల ప్లాస్టిక్ పూత ఉన్న అట్టడబ్బా, పేపర్ కప్పు ఇక్కడే ముందుంటాయి. ఒక మూల పట్టుకుని ఒలిస్తే చాలు, లాగడం, కొట్టడం అక్కర్లేదు.

చిరిగేదల్లా పనికొస్తుందని కాదు. వేడికి నిలవాలి, కారకూడదు. కూల్‌డ్రింక్ సీసాల ప్లాస్టిక్ 70 డిగ్రీలు దాటితే మెత్తబడుతుంది, మైనాన్ని తరచూ అంతకన్నా వేడిగా పోస్తారు. అందువల్ల సీసా సొట్టపోతుంది, ఒక్కోసారి కూలిపోతుంది. దీనికి సులువైన పరీక్ష ఉంది. ఎంచుకున్న డబ్బాను పళ్లెంలో పెట్టి బాగా కాగిన నీళ్లు పోసి పది నిమిషాలు చూడండి. వంగకుండా, కారకుండా నిలిస్తే మైనానికీ నిలుస్తుంది. అందులో పట్టిన నీళ్లను కొలిస్తే మైనం లెక్క కూడా తేలుతుంది: ప్రతి 100 మిల్లీలీటర్లకు సుమారు 90 గ్రాములు. తర్వాత డబ్బాను పూర్తిగా ఆరబెట్టాలి, తడి మిగిలితే కొవ్వొత్తికి గుంటలు పడతాయి. పలకల డబ్బా బరువుకు ఉబ్బకుండా చుట్టూ టేపు వేయాలి. అడుగున దబ్బనంతో పొడిచి ఒత్తి దూర్చి, ముడివేసి, బయటి నుంచి గోధుమపిండి ముద్దతో మూసేయాలి. ఒత్తి పై కొసను డబ్బా మీద అడ్డంగా పెట్టిన పుల్లకు కడితే నిటారుగా నిలుస్తుంది.

సిలికాన్ అచ్చులు, అల్యూమినియం అచ్చులు కొనుక్కోవచ్చు కదా, ఈ తంటా ఎందుకని అడగవచ్చు. ఒకే కొలత కొవ్వొత్తులు పదుల సంఖ్యలో చేసి అమ్మేవారికి ఆ మాట నూటికి నూరుపాళ్లు నిజం. అట్టడబ్బాలో వచ్చిన కొవ్వొత్తికి మడతల గీతలు పడతాయి, అంత నునుపు కూడా రాదు. కానీ మొదటిసారి చేసేవారికి ఏ మందం ఒత్తి కావాలో, ఎంత ఎత్తు నిలుస్తుందో ఇంకా తెలియదు. అచ్చు కొనడమంటే కొలతను ముందే ఖాయం చేసుకోవడం. చింపే డబ్బాతో ప్రతిసారీ కొలత మార్చుకోవచ్చు. పైగా రంగు, సువాసన కలిపిన మైనం తగిలిన గ్లాసునూ ఇడ్లీ రేకునూ తిరిగి వంటకు వాడకూడదు. పారేసే డబ్బాకు ఆ బెడద లేదు. రెండో అభ్యంతరం పర్యావరణానిది. మైనం అంటిన అట్టడబ్బా రీసైక్లింగ్‌కు పనికిరాదన్నది ఒప్పుకోవాల్సిన మాటే. ఏడాదికి నాలుగైదు డబ్బాలైతే ఆ నష్టం స్వల్పం. వారానికి పది చేసేవారు మాత్రం శాశ్వతమైన అచ్చుకు మారడమే న్యాయం.

అన్నిటికన్నా బరువైన అభ్యంతరం నిప్పు భయం. పారఫిన్ 200 డిగ్రీల దరిదాపుల్లో మండే ఆవిరి ఇస్తుంది. నేరుగా మంట మీద పెడితే మైనం పొంగకుండా, మరగకుండా, హెచ్చరిక లేకుండానే అక్కడికి చేరగలదు. మరిగే నీళ్ల గిన్నెలో మైనం గిన్నె ఉంచి కరిగిస్తే వేడి 100 డిగ్రీలు దాటదు. ఒకవేళ అంటుకుంటే పొయ్యి ఆపి మూత వేయాలి, నీళ్లు పోస్తే మంట ఎగజిమ్ముతుంది. చింపే అచ్చుకు ఉన్న అసలు ప్రమాదం మరొకటి: అందంగా ఉందని అట్టడబ్బాతోనే వెలిగించడం. కాగితం, ప్లాస్టిక్ ఏదైనా సరే, పూర్తిగా ఒలిచేసి, కొవ్వొత్తిని పళ్లెంలో నిలబెట్టాకే అగ్గిపుల్ల గీయాలి. ఈ జాగ్రత్తలు కొన్న అచ్చుకైనా తప్పవు కనుక, భయం కరిగించే పద్ధతిని మార్చమంటుందే కానీ ఇంటి అచ్చును వదులుకోమనదు. ముందు రెండు మూడు డబ్బాలు చింపి, నచ్చిన కొలత కుదిరాక అదే కొలతలో అచ్చు కొనడం తెలివైన వరస.